పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పరిశోధన ఎటు పోతోంది? నెల్లూరు, ఒంగోలు స్కాలర్లు ట్రెండ్ మ్యాప్ గీసుకోవడం ఎలా

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో పీహెచ్‌డీకి చేరగానే గైడ్ చెప్పే మొదటి పని రివ్యూ ఆఫ్ లిటరేచర్. మన దగ్గర అది ఎలా జరుగుతుందో మీకూ తెలుసు. దొరికిన ముప్పై నలభై వ్యాసాలు పోగేసి, ఒక్కోదానికి ఒక్కో పేరా చొప్పున "ఫలానా వారు ఫలానా సంవత్సరంలో ఇలా అభిప్రాయపడ్డారు" అని రాసుకుంటూ పోతాం. చాప్టర్ నిండుతుంది. కానీ ఈ సబ్జెక్టు గత ముప్పై ఏళ్లలో ఎటు నుంచి ఎటు మళ్లిందో, ఏ అంశాన్ని అందరూ రాసి రాసి అరగదీశారో, దేన్ని ఎవరూ ముట్టుకోలేదో ఆ చాప్టర్ చదివినా తెలియదు.

అది తెలియడానికే ట్రెండ్ మ్యాప్. వందలు, వేల వ్యాసాల శీర్షికలు, సారాంశాలు, కీవర్డ్స్, రిఫరెన్సులు ఒకచోట చేర్చి, ఏ మాటలు కలిసి వస్తున్నాయి, ఎవరిని ఎవరు ఉటంకిస్తున్నారు అనేది బొమ్మగా గీయడం. దీన్నే బిబ్లియోమెట్రిక్ పద్ధతి అంటారు. ఒక మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలో ఉన్నా, ఒంగోలులోని ఆంధ్ర కేసరి యూనివర్సిటీలో ఉన్నా, ఉదయగిరిలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌గా పనిచేస్తూ పార్ట్‌టైమ్ చేస్తున్నా ఇది మీకు అందుబాటులో ఉన్న పనే.

బొమ్మ అరగంటలో వచ్చేస్తుంది. కష్టమంతా అందులోకి ఏం వేస్తున్నామన్న దగ్గరే ఉంది. పైగా పెద్ద డేటాబేసుల నుంచి తీసిన మ్యాప్‌లో మన జిల్లాలు కనిపించవు. వాటిని మీరే చేత్తో చేర్చాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ రెండు పనుల గురించే.

మొదట ప్రశ్న తేల్చుకోండి

"పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ట్రెండ్స్" అనేది ప్రశ్న కాదు. దానికి లక్ష వ్యాసాలొస్తాయి, బొమ్మ చూస్తే ఏమీ అర్థం కాదు. అంశం, కాలం, ప్రాంతం మూడూ పెట్టి కుదించండి. ఉదాహరణకు: "73వ రాజ్యాంగ సవరణ తర్వాత ఆంధ్రప్రదేశ్ స్థానిక పాలన మీద వచ్చిన పరిశోధన ఏయే అంశాల చుట్టూ తిరిగింది?" పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన ఆ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది కాబట్టి 1993ను మొదలుగా పెట్టుకోవడానికి కారణం చెప్పగలరు. వైవాలో "ఈ సంవత్సరమే ఎందుకు?" అని అడిగితే టెన్షన్ ఉండదు.

మ్యాప్ గీసే ముందు సబ్జెక్టు నడక కొంచెం మనసులో ఉండాలి. లేకపోతే వచ్చిన బొమ్మ సరైనదో కాదో పోల్చుకోలేరు. 1887లో వుడ్రో విల్సన్ వ్యాసంతో ఈ చదువు మొదలైందని చెప్పుకోవడం ఆనవాయితీ. 1968లో అమెరికాలో జరిగిన మిన్నోబ్రూక్ సమావేశం దాన్ని సమానత్వం, సామాజిక న్యాయం వైపు తిప్పింది. 1991లో క్రిస్టఫర్ హుడ్ వ్యాసంతో న్యూ పబ్లిక్ మేనేజ్‌మెంట్ (ప్రైవేటు రంగ పద్ధతులతో ప్రభుత్వాన్ని నడపడం) అనే పేరు స్థిరపడింది. 2000 తర్వాత గవర్నెన్స్, కొలాబరేటివ్ గవర్నెన్స్, ఈ-గవర్నమెంట్. ఆ తర్వాత బిహేవియరల్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, పథకం అందుకోవడానికి మనిషి పడే తిప్పల మీద అడ్మినిస్ట్రేటివ్ బర్డెన్ చర్చ, ఈమధ్య ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్.

మన దేశపు దారి కొంత వేరు. 1952లో కమ్యూనిటీ డెవలప్‌మెంట్, 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ, 1959లో షాద్‌నగర్‌లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ ప్రారంభం, 1980ల మధ్యలో మండల వ్యవస్థ, 2005లో సమాచార హక్కు చట్టం, ఉపాధి హామీ చట్టం, 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు. మనవాళ్ల పరిశోధన ఎక్కువగా ఈ చట్టాలు, పథకాల వెంటే నడిచింది. మీ మ్యాప్‌లో ఈ మలుపులు కనిపించకపోతే డేటాలో ఏదో లోపం ఉన్నట్టే.

డేటా ఎక్కడ దొరుకుతుంది

పరిశోధన వ్యాసాల వివరాలుండే పెద్ద డేటాబేసులు స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ రెండూ డబ్బు కట్టాల్సినవి. మీ యూనివర్సిటీకి ఉందో లేదో లైబ్రేరియన్‌ను అడగండి. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వల్ల ప్రభుత్వ విద్యాసంస్థలకు వేల జర్నళ్లు అందుతున్నాయి. అయితే అది వ్యాసాలు పూర్తిగా చదువుకోవడానికి. మ్యాప్‌కి కావాల్సింది వేల వ్యాసాల వివరాలు ఒకే ఫైల్లో దించుకునే వీలు.

దానికి నేను గట్టిగా చెప్పేది ఓపెన్‌అలెక్స్ అనే డేటాబేస్. 2022లో మొదలైంది, ఉచితంగా వాడుకోవచ్చు. వెతికిన ఫలితాలను సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) దించుకోవచ్చు. స్కోపస్‌కు ఎక్కని భారతీయ జర్నళ్లు కూడా ఇందులో చాలా కనిపిస్తాయి. దాంతోపాటే చెత్త కూడా వస్తుంది: డబ్బు తీసుకుని ఏదిపడితే అది అచ్చేసే జర్నళ్లు, ఒకే వ్యాసం రెండు మూడు సార్లు, సారాంశం లేని ఎంట్రీలు. ఇందులో కనిపించే కీవర్డ్స్ యంత్రం తగిలించినవి, రచయిత ఇచ్చినవి కావు. కాబట్టి ఓపెన్‌అలెక్స్ డేటాతో పనిచేసేటప్పుడు శీర్షిక, సారాంశంలోని మాటల మీదే మ్యాప్ గీయండి. రచయిత కీవర్డ్స్ కావాలంటే స్కోపస్ గానీ వెబ్ ఆఫ్ సైన్స్ గానీ ఉండాల్సిందే.

గూగుల్ స్కాలర్ సరిచూసుకోవడానికి మంచిది, ఆధారంగా పనికిరాదు. ఒక వెతుకులాటకు వెయ్యి ఫలితాలకు మించి చూపదు, మొత్తం దించుకునే దారీ ఇవ్వదు.

సెర్చ్ మాటలు: నెల్లూరు అని కొడితే ఎద్దులొస్తాయి

ఇది మన జిల్లాలకే ప్రత్యేకమైన చిక్కు. నెల్లూరు, ఒంగోలు పేర్లు కొట్టి చూడండి. పాలన మీద వ్యాసాల కంటే ముందు పశువుల మీద వ్యాసాలు వరస కడతాయి. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి నెలోర్ అనే పేరుతో అక్కడి మాంసపు పశువుల్లో ప్రధానమైన జాతి అయింది. దాని మేత, పునరుత్పత్తి, జన్యువుల మీద అక్కడివాళ్లు కుప్పలుతెప్పలుగా రాశారు. ఇండోనేషియా నుంచి ఒంగోలు సంకరజాతి మీద వచ్చినవి ఇంకొన్ని. జాతి పేరులో ఎల్ అక్షరం ఒకటే ఉంటుంది, ఊరి పేరులో రెండు ఉంటాయి. అయినా అందరూ ఆ తేడా పాటించరు కాబట్టి స్పెల్లింగ్‌ను నమ్ముకోకుండా పశువులు, జాతి, మాంసం అనే మాటలున్న వాటిని 'నాట్' (ఇవి వద్దు అని చెప్పే సెర్చ్ మాట) పెట్టి తీసేయండి.

రెండో వరద ఆసుపత్రులది. రచయితల చిరునామాలో నెల్లూరు ఉన్న ప్రతి వైద్య వ్యాసమూ వచ్చి పడుతుంది. అందుకే వెతుకులాటను శీర్షిక, సారాంశం, కీవర్డ్స్‌కే పరిమితం చేయండి, చిరునామాను వదిలేయండి. ప్రకాశం అంటే ఇంకో తలనొప్పి. అది మనిషి పేరు కూడా కాబట్టి "ప్రకాశం జిల్లా" అని రెండు మాటలూ కలిపి కొటేషన్లలో పెట్టాలి.

జిల్లా పేరూ, హద్దులూ మారాయన్నది మరిచిపోవద్దు. నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల్లోని కొన్ని తాలూకాలతో 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో ప్రకాశం అయింది. నెల్లూరు 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4 విభజనలో చీరాల బాపట్ల జిల్లాకూ, గూడూరు తిరుపతి జిల్లాకూ వెళ్లాయి, కందుకూరు నెల్లూరులో కలిసింది. 2015లో "ప్రకాశం జిల్లా చేనేత సహకార సంఘాలు" అని రాసిన వ్యాసం చీరాల గురించి కావచ్చు. అందుకని ఎక్సెల్‌లో "వ్యాసం చెప్పిన జిల్లా", "ఊరు లేదా మండలం" అని రెండు వేర్వేరు కాలమ్స్ పెట్టుకోండి. తర్వాత హద్దులు మళ్లీ మారినా మీ డేటా చెడిపోదు.

పంచాయతీ అన్న ఒక్క మాటకే ఇంగ్లిష్‌లో స్పెల్లింగులు మూడు నాలుగున్నాయి. "పంచాయత్" వరకు టైప్ చేసి చివర నక్షత్రం గుర్తు పెడితే చాలావరకు దొరుకుతాయి, కానీ అన్ని డేటాబేసులూ ఆ గుర్తును ఒకేలా తీసుకోవు. ముందు పది ఫలితాలు చూసి నిర్ధారించుకోండి. స్థానిక పాలన, వికేంద్రీకరణ, గ్రామ సచివాలయం, మండల పరిషత్, గ్రామసభ ఇలా అన్ని రూపాలనూ, ఏది ఉన్నా సరే అని చెప్పే 'ఆర్'తో కలపండి. ఇలా కూర్చిన సెర్చ్ మాటల వరుసను, అంటే సెర్చ్ స్ట్రింగ్‌ను, వెతికిన తేదీని, వచ్చిన సంఖ్యను ఒక నోట్‌బుక్‌లో అక్కడికక్కడే రాసుకోండి.

శుభ్రం చేయడం

దించుకున్న ఫైల్‌ను అలాగే ఒక ఫోల్డర్‌లో పెట్టి దాని జోలికి వెళ్లకండి. పనంతా కాపీ మీదే. సీఎస్‌వీని నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ తెలుగు అక్షరాలను పిచ్చి గుర్తులుగా మార్చేస్తుంది. డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 ఎంచుకోండి. ఎక్సెల్ ఒక గడిలో 32,767 అక్షరాలకు మించి ఉంచదు. పొడవైన రిఫరెన్సుల జాబితా అక్కడ తెగిపోతుంది. అందుకే సైటేషన్ మ్యాప్‌లకు ఎక్సెల్‌లో సేవ్ చేసిన ఫైల్ కాకుండా మూల ఫైల్‌నే వాడాలి.

మొదట డీఓఐ నంబర్ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) చూసి డూప్లికేట్లు తీసేయండి. డీఓఐ లేనివాటిని శీర్షిక, సంవత్సరం చూసి పోల్చండి. తర్వాత శీర్షిక, సారాంశం చదివి సంబంధం లేనివి తీసేయాలి. ఇక్కడ ఓపిక కావాలి. తీసేసిన ప్రతిదానికీ కారణం ఒక మాటలో రాయండి: పశువులు, వైద్యం, వేరే రాష్ట్రం, సంపాదకీయం. చివర్లో ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయి అని చూపే ప్రిస్మా పటం దీంతోనే తయారవుతుంది.

ఆపైన మాటలను కలపడం. మ్యాప్ గీసే వోస్‌వ్యూయర్ సాఫ్ట్‌వేర్‌కు థెసారస్ ఫైల్ అని ఒకటి ఇవ్వొచ్చు. రెండే కాలమ్స్: ఎడమ పక్క ఉన్న మాట, కుడి పక్క దాని బదులు పెట్టాల్సిన మాట. ఈ-గవర్నెన్స్, ఈ-గవర్నమెంట్, ఎలక్ట్రానిక్ గవర్నమెంట్ మూడింటినీ ఒకటి చేయాలా? గ్రామ సచివాలయం, విలేజ్ సెక్రటేరియట్ ఒకటే, సందేహం లేదు. గ్రామ వాలంటీర్‌ను కూడా అందులో కలిపేస్తే మాత్రం తప్పు. సచివాలయం ఆఫీసు, వాలంటీర్ 2024 దాకా ఆ ఆఫీసు తరఫున ఇంటికొచ్చిన మనిషి. వాటి మీద వచ్చే ప్రశ్నలే వేరు. ఇలాంటి నిర్ణయాలు సాఫ్ట్‌వేర్ చేయదు, సబ్జెక్టు తెలిసిన మీరే చేయాలి. రెండు రోజులు పట్టినా దీన్ని తొందరగా ముగించకండి.

జిల్లా పొరను చేత్తో కట్టుకోండి

నా దృష్టిలో ఈ పని లేకుండా మన ప్రాంతం నుంచి వచ్చే మ్యాప్‌కు విలువ లేదు. ఎందుకో ఒక్క ఉదాహరణతో చూడండి.

కలిగిరి మండలం దూబగుంట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. చదువుకోవడానికి చేరిన ఆడవాళ్లు 1992లో సారా అంగళ్లకు ఎదురు తిరిగారు. ఉద్యమం జిల్లా దాటింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. ఇందులో జిల్లా యంత్రాంగం నడిపిన కార్యక్రమం ఉంది, ఎక్సైజ్ ఆదాయం మీద ఆధారపడ్డ ప్రభుత్వం ఉంది, కింది నుంచి వచ్చిన ఒత్తిడికి విధానం మారడం ఉంది. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అంటే ఇంతకంటే ఏముంటుంది? కానీ దీని మీద వచ్చిన రచనలు చాలావరకు స్త్రీల అధ్యయనాలు, సామాజిక ఉద్యమాల కింద నమోదయ్యాయి. వెబ్ ఆఫ్ సైన్స్‌లో "పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్" అనే కేటగిరీ జర్నల్‌ను బట్టి ఇచ్చేది, వ్యాసాన్ని బట్టి కాదు. ఆ కేటగిరీ ఎంచుకుని వెతికితే దూబగుంట మీ మ్యాప్‌లోకి రావడం కష్టం.

కాబట్టి రెండో ఫైల్ ఒకటి తయారు చేయండి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో శ్రీ వెంకటేశ్వర, నాగార్జున, ఆంధ్ర, విక్రమ సింహపురి యూనివర్సిటీల కింద పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, రాజనీతిశాస్త్రం, గ్రామీణాభివృద్ధి విభాగాలు ఒక్కొక్కటీ తెరిచి నెల్లూరు, ప్రకాశం మీద ఉన్న థీసిస్‌లు రాసుకోండి. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ 1955 నుంచి తెస్తున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ విషయసూచికలు చూడండి. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జిల్లా పేర్లతో వెతకండి. ఒక్కో ఎంట్రీకి శీర్షిక, సంవత్సరం, యూనివర్సిటీ లేదా పత్రిక, జిల్లా, మండలం, విషయం. అంతే.

ఈ చేతి జాబితాను కూడా వోస్‌వ్యూయర్ తీసుకుంటుంది. ఒక్కో వరుసలో ఒక్కో థీసిస్ శీర్షిక, సారాంశం ఉండేలా మామూలు టెక్స్ట్ ఫైల్ చేయండి. దాన్ని కార్పస్ ఫైల్ అంటారు. అదే వరుస క్రమంలో సంవత్సరాలతో స్కోర్ ఫైల్ ఇస్తే కాలాన్ని బట్టి రంగులు కూడా వస్తాయి. ఒక పరిమితి ఉంది: సాఫ్ట్‌వేర్ టెక్స్ట్ విశ్లేషణ ఇంగ్లిష్‌కు మాత్రమే పనిచేస్తుంది. తెలుగులో ఉన్న థీసిస్‌లకు, వ్యాసాలకు మీరే చదివి రెండు మూడు ఇంగ్లిష్ విషయపదాలు ఇవ్వాలి. అలా ఇచ్చినట్టు మెథడాలజీలో చెప్పాలి. తెలుగులో ఉందని వదిలేయడం మాత్రం వద్దు.

గీయడం

వోస్‌వ్యూయర్‌ను నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీకి చెందిన వాన్ ఎక్, వాల్ట్‌మన్ తయారుచేశారు. ఉచితం. స్కోపస్ ఫైల్ ఉంటే బిబ్లియోగ్రాఫిక్ డేటా ఎంచుకుని, కో-అకరెన్స్ (మాటలు కలిసి రావడం), ఆథర్ కీవర్డ్స్ నొక్కండి. ఓపెన్‌అలెక్స్ సారాంశాలు, చేతి జాబితా అయితే టెక్స్ట్ డేటా ఎంచుకోండి. అక్కడ బైనరీ కౌంటింగ్ పెట్టండి. ఒకే సారాంశంలో ఒక మాట పదిసార్లు వచ్చినా ఒక్కసారిగానే లెక్కిస్తుంది. ఒక మాట కనీసం ఎన్నిసార్లు రావాలన్నది కీవర్డ్స్‌కు మొదట 5, టెక్స్ట్‌కు 10 అని ఉంటుంది. చిన్న జాబితాకు 3 దాకా తగ్గించుకోవచ్చు. మూడు నాలుగు విలువలతో గీసి, ఏది మార్చినా నిలబడే గుంపులనే నమ్మండి.

సైటేషన్ల మీద రెండు రకాల మ్యాప్‌లున్నాయి, వాటిని చాలామంది కలిపేస్తారు. ఇద్దరు రచయితల పాత రచనలను ఎవరో మూడో మనిషి ఒకే వ్యాసంలో ఉటంకిస్తే ఆ పాతవాటి మధ్య బంధం కో-సైటేషన్. రెండు కొత్త వ్యాసాలు ఒకే పాత రచనను ఉటంకిస్తే ఆ కొత్తవాటి మధ్య బంధం బిబ్లియోగ్రాఫిక్ కప్లింగ్. సబ్జెక్టు పునాదులు చూడాలంటే మొదటిది, ఇప్పుడు ఏం నడుస్తోందో చూడాలంటే రెండోది. ట్రెండ్ మీ ప్రశ్న అయితే కప్లింగ్ తప్పనిసరి.

ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్లు బిబ్లియోమెట్రిక్స్ ప్యాకేజీ వాడొచ్చు. కోడ్ రాకపోయినా దాని బిబ్లియోషైనీ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. అందులోని థీమాటిక్ మ్యాప్, ఒక అంశం ఎంత కీలకం, ఎంత ఎదిగింది అన్నదాన్ని బట్టి నాలుగు గడులుగా ఉంటుంది.

చదవడం

బొమ్మలో పైన ఉందా కింద ఉందా, కుడా ఎడమా అన్నదానికి అర్థం లేదు. తిప్పినా అదే మ్యాప్. దగ్గరగా ఉన్నవి కలిసి వచ్చేవి, అంతే. రంగుల గుంపులు కూడా రెజల్యూషన్ విలువ (గుంపులు ఎంత చిన్నగా విడిపోవాలో చెప్పే అంకె) మారిస్తే మారతాయి. ప్రతి గుంపు నుంచీ కనీసం ఐదారు వ్యాసాలు నిజంగా చదివాకే దానికి పేరు పెట్టండి.

వ్యాసాల సంఖ్య ఏటా పెరుగుతుంటే వెంటనే "ఆసక్తి పెరిగింది" అని రాయకండి. డేటాబేస్ కూడా పెరుగుతోంది. వెబ్ ఆఫ్ సైన్స్ 2015లో ఎమర్జింగ్ సోర్సెస్ అనే కొత్త ఇండెక్స్ కలిపింది, దాంతో వేల జర్నళ్లు లోపలికొచ్చాయి. ఆ తర్వాత కనిపించే ఎగుడు కొంత దానివల్లే. మొత్తం వ్యాసాల్లో మీ అంశం వాటా ఎంత శాతం అని లెక్కేస్తే అసలు పెరుగుదల తెలుస్తుంది. గ్రాఫ్ చివర రెండేళ్లు పడిపోయినట్టు కనిపిస్తే అదీ నమ్మొద్దు, ఇంకా నమోదు కానివి ఉంటాయి. 2020, 2021లో కోవిడ్ చుట్టూ పెద్ద గుంపు వస్తుంది. దాన్ని ఉంచి ఒకసారి, తీసి ఒకసారి గీసి చూడండి.

థీమాటిక్ మ్యాప్‌లో ఎడమ పక్క కింది గడి పేరే "ఎమర్జింగ్ ఆర్ డిక్లైనింగ్". పుడుతున్నదీ, పోతున్నదీ రెండూ అక్కడే పడతాయి. ఆ గడిలోని ప్రతి అంశానికీ సంవత్సరాలు చూసి ఏది ఏదో తేల్చాలి. అక్కడ కనిపించిన పాత పంచాయతీరాజ్ పదాన్ని "కొత్త ట్రెండ్" అని రాస్తే పరీక్షకుడు పట్టేస్తారు.

ఇప్పుడు పెద్ద మ్యాప్, మీ చేతి జాబితా మ్యాప్ పక్కపక్కన పెట్టండి. చేతి జాబితాలో ఉండి పెద్దదాంట్లో లేనివి ఏవి? కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల సమస్య మీద వచ్చిన పరిశోధన నీటి రసాయనం దగ్గరే ఆగిందా, రక్షిత మంచినీటి పథకాన్ని నడిపే వ్యవస్థ దాకా వచ్చిందా? వెలిగొండ ప్రాజెక్టు పునరావాసాన్ని పాలన కోణం నుంచి ఎవరైనా చూశారా? సినాప్సిస్‌లో "రీసెర్చ్ గ్యాప్" అని రాయాల్సింది ఇలా తేలిన ఖాళీని. "ఈ జిల్లాలో ఎవరూ చేయలేదు" అన్నంత మాత్రాన అది గ్యాప్ కాదు. అదే ప్రశ్న వేరే జిల్లాల్లో పది సార్లు తేలిపోయి ఉండొచ్చు.

ఆ మ్యాప్‌లను ఎంపీడీవోగానో, జిల్లా పరిషత్‌లోనో పనిచేసి రిటైరైన ఒకరికి చూపించండి. "సార్, మీ సర్వీసులో పెద్ద సమస్యగా ఉండి ఇందులో లేనిదేమైనా ఉందా?" అని అడగండి. వాళ్లు చెప్పిన మాటతో మళ్లీ ఒకసారి వెతకండి. ఫలితం ఏమీ రాకపోతే దాన్ని కూడా నోట్‌బుక్‌లో రాయండి, అది మీ చాప్టర్‌కు పనికొచ్చే సమాచారమే.

రాసి, దాచడం

మెథడాలజీలో ఇవి ఉండాలి: ఏ డేటాబేస్, ఏ తేదీన, పూర్తి సెర్చ్ స్ట్రింగ్, ఎన్ని వచ్చాయి, ఎన్ని తీసేశారు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, కనీస సంఖ్య, రెజల్యూషన్, థెసారస్ ఫైల్, చేతి జాబితా ఎలా తయారైంది. చేతి జాబితాను, థెసారస్‌ను పరిశోధన ఫైళ్లు దాచే జెనోడో సైట్‌లో ఉచితంగా పెట్టొచ్చు, డీఓఐ ఇస్తారు. మీ తర్వాత కావలి నుంచో మార్కాపురం నుంచో వచ్చే స్కాలర్ మళ్లీ మొదటి నుంచి శోధ్‌గంగ అంతా తవ్వాల్సిన అవసరం ఉండదు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ నుంచి దించిన డేటాను మాత్రం అలా పెట్టకూడదు, వాళ్ల షరతులు ఒప్పుకోవు.

థీసిస్ సబ్మిట్ చేసే రెండు నెలల ముందు అదే స్ట్రింగ్‌తో మళ్లీ వెతికి, కొత్తగా వచ్చినవి కలిపి, మ్యాప్ మరోసారి గీయండి. రెండు తేదీలూ చాప్టర్‌లో ఇవ్వండి.